బస్సు డ్రైవర్ నన్నొక్కడినే దింపేశాడు, కంప్లయింట్ ఎలా రాయాలి?

యూకేలో, లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నా. మొన్న సాయంత్రం బస్సెక్కి ఫోన్‌లో స్టూడెంట్ పాస్ స్కాన్ చేశాను, అది ఓకే అయింది కూడా, అయినా డ్రైవర్ యూనివర్సిటీ కార్డు అడిగి, ఫొటో నాది కాదని దిగిపొమ్మన్నాడు. నా ముందు ఎక్కిన ఇద్దరు తెల్ల కుర్రాళ్లదీ అదే పాస్, వాళ్లను ఏమీ అడగలేదు. దిగుతుంటే ఏదో గొణిగాడు, ‘యూ పీపుల్’ అన్నట్టే వినిపించింది గానీ ఒట్టేసి చెప్పలేను.

రూమ్మేట్లేమో వీసా మీద వచ్చాం, గొడవలెందుకు రా అంటున్నారు. కంప్లయింట్ ఇస్తే వీసా పోతుందా ఏంటి!

2010 ఈక్వాలిటీ యాక్ట్ (వివక్షకు వ్యతిరేకంగా ఇక్కడి చట్టం) బస్సులకూ వర్తిస్తుంది, కౌంటీ కోర్టుకైతే 6 నెలల్లోపు వెళ్లాలి. నాకు అంత దూరం వద్దు. ముందు సీసీటీవీ చెరిపేయకముందే నేను కనిపించే ఫుటేజీ బస్సు కంపెనీని అడుగుతా, మామూలుగా నెలలోపు జవాబివ్వాలి.

మెయిల్‌లో ‘రేసిజం’ అని నేరుగా రాయాలా, జరిగింది మాత్రం రాసి ఊరుకోవాలా? బస్సు కెమెరాల్లో మాటలు కూడా రికార్డవుతాయా? కంపెనీ పట్టించుకోకపోతే బస్ యూజర్స్ యూకేకి (బస్సు ప్రయాణికుల ఫిర్యాదులు చూసే సంస్థ) వెళ్లినవాళ్లున్నారా? పోలీసులకు 101కి (ఇక్కడ అర్జెంటు కానివాటికి పోలీసు నంబరు) చెప్పడం మరీ ఎక్కువవుతుందా?