ఊడ్నడాటా ట్రాక్: మట్టిరోడ్డు మీద 600 కిలోమీటర్లు, వెళ్ళొచ్చా?

గీలాంగ్‌బాబు:
ఇక్కడ ఆస్ట్రేలియాలో అడిలైడ్ నుంచి ఎడారి నడుమనున్న ఎర్రరాతి కొండ ఊలురుకి కారులో వెళ్దామని ప్లాన్. మా బావమరిది స్టువర్ట్ హైవే వద్దు, మారీ నుంచి మార్లా దాకా ఊడ్నడాటా ట్రాక్ పట్టుకుందాం అంటున్నాడు. మ్యాప్‌లో చూస్తే 600 కిలోమీటర్ల పైచిలుకు మట్టిరోడ్డు, మధ్యలో ఊళ్ళు రెండే. మా ఆవిడకి ఇప్పటినుంచే టెన్షన్. నాన్నగారు కూడా వస్తున్నారు. హైవే ఉండగా ఇంకో దారి ఎందుకు వేశారు? అక్కడ చూడ్డానికి ఏమైనా ఉందా?

బోరుబావి:
నేను అడిలైడ్‌లో భూగర్భజలాల పనిలో ఉన్నానండీ, ఆ దారిన తిరిగినవాణ్ణే. మాది అనంతపురం జిల్లా. కాబట్టి నీళ్ళ గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఓర్చుకోండి.

హైవే వచ్చింది తర్వాతే. ముందున్నది ఈ దారే, అదీ ఊట నుంచి ఊటకి పడిన దారి. ఆ ఎడారి అడుగున గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ ఉంది. ఆస్ట్రేలియా నేలలో ఐదో వంతుకు పైగా దీని మీదే ఉంది. ఎక్కువగా క్వీన్స్‌లాండ్ వైపు కొండల మీద పడిన వాన ఇసుకరాతి పొరల్లోకి ఇంకి, ఏడాదికి మీటరో రెండు మీటర్లో జరుగుతూ ఇటు వస్తుంది. ఈ అంచుకి చేరేసరికి లక్షల ఏళ్ళ నాటి నీరు అన్నమాట. పైన గట్టి బంకమట్టి పొర మూతేసి ఉంటుంది, లోపల ఒత్తిడి. పగులు దొరికిన చోట మోటారూ కరెంటూ లేకుండా పైకి తన్నుకొస్తుంది. వెయ్యి అడుగులు వేసినా దుమ్మే వచ్చిన బోర్లు చూసి పెరిగినవాడికి అది చూస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ నీళ్ళలోని సున్నం చుట్టూ పేరుకుని దిబ్బలవుతాయి. మారీ దాటి విలియం క్రీక్ వెళ్తుంటే 'బబ్లర్' అనే ఊట వస్తుంది, తప్పకుండా ఆగండి. అడుగునున్న ఇసుక ఉడుకుతున్న అన్నంలా కుతకుతమంటూ, ఉన్నట్టుండి ఒకచోట ఉబ్బి పగులుతుంది. చూడ్డానికే అలా ఉంటుంది, నిజానికి మరిగే నీళ్ళు కావు. దగ్గర్లోనే బ్లాంచ్ కప్ అని గుండ్రటి చిన్న కొలను, చుట్టూ రెల్లు.

అక్కడి మూలవాసులైన అరబానా ప్రజలకు ఈ ఊటలు ఏనాటినుంచో తెలుసు. ఎర్రమన్ను కోసం ఫ్లిండర్స్ కొండల దాకా వందల కిలోమీటర్లు నడిచిన దారులు ఇటు ఉండేవి. 1859లో జాన్ మెక్‌డుయల్ స్టువర్ట్ అనే అన్వేషకుడు ఈ ఊటల్ని 'కనిపెట్టాడు' అని రాస్తారు, చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. ఏదైతేనేం, వీటిని పట్టుకునే ఉత్తరానికి వెళ్ళి 1862లో అవతలి సముద్రం చేరాడు. 1872కల్లా ఆయన దారి వెంటే పోర్ట్ అగస్టా నుంచి డార్విన్‌కి 3,200 కిలోమీటర్ల టెలిగ్రాఫ్ తీగ లాగారు. లండన్ కబురు ఓడలో నెలలు పట్టేది కాస్తా గంటల్లోకి వచ్చింది. ఆ తర్వాత రైలు. ఆవిరి ఇంజనుకి నీళ్ళు కావాలి కదా, కాబట్టి మళ్ళీ ఊటల వెంటే. మారీకి 1884లో, ఊడ్నడాటాకి 1891లో, ఆలిస్ స్ప్రింగ్స్‌కి 1929లో చేరింది. అదే పాత 'గాన్' రైలు.

నీళ్ళ కోసం అటు వెళ్ళిన రైలు ఆ నీళ్ళ చేతిలోనే దెబ్బతింది. ఏళ్ళ తరబడి ఎండి ఉండే వాగులు ఒక్కసారి పొంగితే పట్టాలు కొట్టుకుపోయేవి. 1950లలో డీజిల్ ఇంజన్లు వచ్చాక ఊటలతో పని లేకుండా పోయింది. 1980లో పడమరగా, టార్కూలా మీదుగా కొత్త లైను వేసి పాతది మూసేశారు. నీల్స్ నది మీద అల్జెబకినా ఇనుప వంతెన మాత్రం అర కిలోమీటరుకి పైగా పొడవున ఇంకా నిలబడే ఉంది. కింద చాలాసార్లు ఇసుకే కనిపిస్తుంది. ఇంత పెద్ద వంతెన దేనికా అనుకుంటారు, వరద వచ్చినప్పుడు చూస్తే తెలుస్తుంది.

దారిలో లేక్ ఐర్ (అరబానా వాళ్ళకి కటి తండా) కూడా తగులుతుంది. సముద్రమట్టానికి 15 మీటర్ల దిగువన ఉంటుంది. ఎక్కువ కాలం ఎండిన ఉప్పు పొరే. 1964లో డొనాల్డ్ క్యాంప్‌బెల్ దాని మీద గంటకు 648 కిలోమీటర్ల వేగంతో కారు నడిపాడు. మీరు మాత్రం ఒడ్డునుంచే చూడండి, అరబానా వాళ్ళకది పవిత్ర స్థలం.

టైరుమనిషి:
చరిత్ర బాగుంది గానీ అన్నా, టైర్ల సంగతి ఎవరు చెప్తారు? స్పేర్లు రెండు పెట్టుకోండి. పెట్రోలు మారీ, విలియం క్రీక్, ఊడ్నడాటా, మార్లాలో దొరుకుతుంది, సుమారు 200 కిలోమీటర్లకి ఒకచోట. బంకు కనబడితే నింపుకోవడమే. దారి పొడవునా ఫోన్ సిగ్నల్ ఉండదు, శాటిలైట్ ఫోన్ అద్దెకి తీసుకోండి. వాన పడితే రోడ్డు మూసేస్తారు, మూసిన రోడ్డు మీదికి వెళ్తే జరిమానా వాచిపోతుంది. ఎండాకాలం (అక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి) అస్సలు వద్దు, 1960 జనవరి 2న ఊడ్నడాటాలో 50.7 డిగ్రీలు నమోదైంది. జూన్, జూలైలో వెళ్ళండి. బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవొద్దు.

గీలాంగ్‌బాబు:
ఇద్దరికీ థాంక్స్. ఇదంతా చదివి వినిపిస్తే నాన్నగారు ఒకటే అడుగుతున్నారు: అక్కడికి ఒంటెలు తోలుకెళ్ళింది మనవాళ్ళేనట కదా?

బోరుబావి:
నాన్నగారికి నమస్కారాలు చెప్పండి. అందరినీ కలిపి 'అఫ్గాన్లు' అనేసేవాళ్ళు గానీ, చాలామంది బలూచిస్తాన్, సింధ్, పంజాబ్ నుంచి వచ్చినవాళ్ళు. 1866లో థామస్ ఎల్డర్ అనే వ్యాపారి కరాచీ నుంచి నూటికి పైగా ఒంటెల్ని, వాటిని తోలేవాళ్ళని రప్పించాడు. టెలిగ్రాఫ్ సామాను, రైలు సామాను, ఉన్ని బేళ్ళు అన్నీ వాటి వీపు మీదే.

మారీలో ఆయనకి పాత మట్టి మసీదు నమూనా చూపించండి. బెజా దర్వేష్ అనే బలూచీ ఆ ఊళ్ళోనే స్థిరపడ్డాడు. అంతకుముందు బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేశాడు. పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారుల్ని అన్వేషించిన 1896 కాల్వర్ట్ యాత్రలో ఒంటెలు చూసుకున్నది ఈయనే, యాత్ర నాయకుడు లారెన్స్ వెల్స్ తన దిక్సూచి ఈయనకి బహుమతిగా ఇచ్చాడు. ఇంత చేసినా వీళ్ళలో చాలామందికి ఆ దేశం పౌరసత్వం ఇవ్వలేదు. ఆ భాగం ఏ బ్రోచర్‌లోనూ పెద్ద అక్షరాల్లో కనిపించదు.

లారీలు వచ్చాక ఒంటెలకి పని పోయింది. 1925లో యజమాని లేకుండా తిరిగే ఒంటెల్ని చంపడానికి చట్టం కూడా తెచ్చారు. చాలామంది చంపడానికి చేతులు రాక ఎడారిలోకి వదిలేశారు. ఇప్పుడు అక్కడ తిరిగేవి వాటి సంతతే. అందుకే చీకటి పడ్డాక బండి నడపొద్దు. ఒంటె కాళ్ళకి బంపరు తగిలితే దాని ఒళ్ళు సరిగ్గా అద్దం మీదికి వచ్చి పడుతుంది. నాలుగున్నరకల్లా ఎక్కడో ఒకచోట ఆగిపోండి, కవర్డ్ స్ప్రింగ్స్ దగ్గర టెంటు వేసుకోవచ్చు.