ఎమ్మెస్సీకి జియాలజీనా, కెమిస్ట్రీనా?

ప్రశ్న:
అన్నలూ, అక్కలూ, మాది వేంపల్లె. ఈ ఏడే బీఎస్సీ అయిపోయింది. డిగ్రీలో కెమిస్ట్రీ, జియాలజీ రెండూ చదివినా. పీజీసెట్ రాసి కడప యోగి వేమన యూనివర్సిటీలో చేరాలని ఉంది. కెమిస్ట్రీ అయితే హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో పని దొరుకుతాదంటాడు మా నాయన. నా మనసు జియాలజీ మీదుంది. ఆడపిల్లకు రాళ్ల చదువెందుకని ఇంట్లో అంతా అంటాండారు. ఏం చేయమంటారు?

జవాబు 1:
చెల్లీ, నేను ఎమ్మెస్సీ జియాలజీ చేసినోణ్ణే. వేంపల్లె అన్నావు చూడు, అందుకే రాస్తాండా. మా పుస్తకాల్లో మీ ఊరి పేరుతోనే ఒక రాతి వరస ఉంది, వేంపల్లె ఫార్మేషన్. మొదటిసారి ఫీల్డుకు పోయినప్పుడు మా సారు ఒక బండ చూపించి యాసిడ్ చుక్క వేయమన్నాడు. ఏమీ పొంగలేదు. సుత్తి మొనతో గీకి, ఆ పొడి మీద వేస్తే సన్నగా బుడగలొచ్చినాయి. సున్నపురాయైతే వేసిన వెంటనే బుసబుసమంటాది, ఇది డోలమైట్. అదే బండ మీద ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా గుండ్రాలు. స్ట్రోమటోలైట్లు. నూటయాభై కోట్ల ఏళ్లకంటే ముందు, లోతులేని సముద్రంలో కంటికి కనపడని జీవులు కట్టిన పొరలవి. నేను అరగంట అక్కణ్ణుంచి లేయలేదు. తుమ్మలపల్లె యురేనియం ఉండేదీ ఆ డోలమైట్‌లోనే.

ఉద్యోగం సంగతి. కెమిస్ట్రీ వాళ్లకు తొందరగా దొరుకుతాది, మీ నాయన మాట నిజమే. నేను రెండేళ్లు తక్కువ జీతానికి క్వారీలో చేసినా. కానీ జియాలజిస్టు ఉద్యోగాలకు యూపీఎస్సీ ఏటా జియో-సైంటిస్ట్ పరీక్ష పెడతాది, ఎమ్మెస్సీలో చేరిన రోజునుంచే దానికి చదువు. చేరకముందు ఒకసారి డిపార్ట్‌మెంటుకు పోయి, నిరుడు ఎన్నిసార్లు ఫీల్డుకు పోయినారని ఫైనలియర్ వాళ్లను అడుగు. ఫీల్డు లేని జియాలజీ వద్దు.

జవాబు 2:
నాది అనంతపురం. భూగర్భజలాల పని చేస్తా. మా దిక్కు అడుగున అంతా గట్టిరాయి, నీళ్లుండేది పగుళ్లలోనే. బోరు మీద బోరేసి అప్పులపాలైన రైతు చేను గట్టున రెసిస్టివిటీ మీటరు (నేలలోకి కరెంటు పంపి అడుగున నీళ్ల జాడ చూసే మిషను) పెట్టి, 'ఈడ వద్దు పెద్దాయనా' అని చెప్పి ఆయన డబ్బు మిగిలిస్తే ఆ రోజు అన్నం తృప్తిగా తింటా. ఆడపిల్లకెందుకు అనేవాళ్లకు చెప్పు తల్లీ, 2019 నుంచి భూగర్భ గనుల్లో సాంకేతిక ఉద్యోగాలకు ఆడవాళ్లనూ అనుమతిస్తాండారు.

అడిగినామె:
అక్కా, అన్నా, రెండూ నాయనకు చదివి వినిపించినా. బోరు మాట దగ్గర మళ్లీ చదవమన్నాడు. మాకూ మూడు ఎండిపోయినాయి. సోమవారం యూనివర్సిటీకి ఆయనే పిల్చుకపోతానన్నాడు.