అప్‌డేట్: సోటో వెళ్లిపోయాక మన యాంకీస్ సంగతి

2024 డిసెంబరులో మన న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టు స్టార్ బ్యాటర్ హువాన్ సోటో 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్‌తో అదే ఊళ్లోని మరో జట్టు మెట్స్‌కి వెళ్లిపోయినప్పుడు, "ఇక మన యాంకీస్ పని అయిపోయినట్టేనా?" అని అడిగాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ డబ్బుతో ముగ్గురు నలుగురిని తెచ్చుకోవచ్చని మీలో కొందరు ధైర్యం చెప్పారు. అదే జరిగింది.

ఎడమచేతి పిచ్చర్ (బ్యాటర్‌కి బంతి విసిరే ఆటగాడు) మ్యాక్స్ ఫ్రీడ్‌తో 8 ఏళ్లకు 21.8 కోట్ల డాలర్ల ఒప్పందం. కబ్స్ జట్టు నుంచి బ్యాటర్ కోడీ బెలింజర్, బ్రూవర్స్ జట్టు నుంచి పిచ్చర్ డెవిన్ విలియమ్స్ ట్రేడ్‌లో (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడిలో) వచ్చారు. బ్యాటర్ పాల్ గోల్డ్‌ష్మిట్‌ని ఒక్క ఏడాదికి తీసుకున్నారు.

ఫ్రీడ్ 2025లో 19 మ్యాచ్‌లు గెలిపించాడు. అతని కర్వ్‌బాల్ బ్యాటర్ ఛాతీ ఎత్తులో మొదలై మోకాళ్ల కిందికి జారిపోతుంటే మా అబ్బాయి సోఫాలోంచి లేచి నిలబడేవాడు. ఆ కాంట్రాక్ట్‌లో ప్రతి డాలరూ న్యాయమే అనిపించింది. విలియమ్స్ మీద పెట్టుకున్న ఆశ మాత్రం తీరలేదు, ఏప్రిల్‌లోనే క్లోజర్ (మ్యాచ్ చివర్లో వచ్చి ఆధిక్యాన్ని కాపాడే పిచ్చర్) బాధ్యత పోయింది.

మనవాళ్లు 94 మ్యాచ్‌లు గెలిచి, ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే పోరులో) టొరంటో చేతిలో ఓడారు. సోటో 43 హోమ్ రన్‌లు (సాధారణంగా బంతిని మైదానం అవతలికి పంపే షాట్లు) కొట్టినా మెట్స్ ప్లేఆఫ్స్‌కే రాలేదు. మావాడి 22 నంబర్ సోటో జెర్సీ ఇంకా బీరువాలోనే ఉంది, తీసేయడానికి మనసొప్పడం లేదు.