నాయన కాలు బోదకాలు కాదంట, మదురా ఫుట్ అంట. ఇది ఇంకెవరికైనా ఉందా?

కొండమీది మంద

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం పక్క పల్లె. మా నాయనకు 56 ఏళ్లు, చిన్నప్పటి నుంచి గొర్రెలు కాస్తాడు. ఏడేళ్ల కిందట కుడికాలి మడమ పక్కన తుమ్మముల్లు ఇరిగింది. పిన్నీసుతో తీసి, పసుపు పెట్టి మర్చిపోయినాడు. ఏడాదికి అక్కడ గట్టిగా గడ్డ మాదిరి లేచింది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. ఇప్పుడు పాదమంతా ఉబ్బి, నాలుగైదు చోట్ల బొక్కలు పడి చీము కారుతా ఉంది. ఏ చెప్పూ పట్టదు. టైరు ముక్క కోయించి తాడుతో కట్టుకుని మందెంట పోతాడు.

ఊర్లో అందరూ బోదకాలు అన్నారు. రెండేళ్లు ఆ మాత్రలే మింగినాడు. పోయిన వారం ఒక చర్మం డాక్టరు చూసి ఇది మదురా ఫుట్, ఫంగస్ అయి ఉండొచ్చు, పరీక్ష చేస్తే గాని చెప్పలేం అన్నాడు. దానికి ముందు ఇంకో ఆస్పత్రిలో కాలు తీసేయాల అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాయన అన్నం సరిగా తినలేదు.

కాలు తీయకుండా కుదురుతుందా? ఇంకోటి, ఇది ఇంకెవరికైనా ఉందా? "నాకొక్కనికే ఎందుకొచ్చెరా" అని రోజూ అడుగుతా ఉన్నాడు. ఏం చెప్పాలో నాకు తెలీడంలేదు.

ల్యాబు సరోజ

బాబూ, మీ నాయన ఒక్కడికే కాదు. ముందు ఆ మాట ఆయనకు చెప్పు, మిగతాది తర్వాత చదువు.

నేను ఒక పెద్దాస్పత్రి మైక్రోబయాలజీ ల్యాబులో 28 ఏళ్లు టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాను, మందులు చెప్పను. కానీ ఇలాంటి పాదాల నుంచి చీముతో వచ్చే గింజల్ని, అంటే క్రిమి ముద్దకట్టిన నలుసుల్ని, నా చేతులతో కడిగాను, కాబట్టి ఆ సంగతి చెప్పగలను.

ఈ జబ్బు అసలు పేరు మైసెటోమా. 1842లో మదురైలో గిల్ అనే డాక్టరు ఇలాంటి పాదాల గురించి రాశాడు, మదురా పేరు అక్కడి నుంచే అంటుకుంది. 1860 ప్రాంతంలో బొంబాయిలో వాన్‌డైక్ కార్టర్ దీనికి మైసెటోమా అని పేరు పెట్టాడు. పాదవల్మీకం అనే పాత మాట కూడా ఉంది, అంటే పాదం మీద పుట్ట. చూసినవాళ్లకు ఆ పోలిక ఎందుకు తట్టిందో నీకు నేను చెప్పక్కర్లేదు.

మట్టిలో ఉండే క్రిమి ముల్లుతోనో రాయితోనో చర్మం కిందికి పోతుంది. అక్కడ మెల్లగా, ఏళ్ల తరబడి పెరుగుతుంది. నొప్పి ఉండదు, దీంట్లో పెద్ద మోసం అదే. నొప్పి ఉంటే మీ నాయన మొదటి ఏడాదే వచ్చేవాడు. గడ్డ, చీము కారే దారులు, ఆ చీములో గింజలు, ఈ మూడూ కలిసి ఉంటే అది మైసెటోమా అనే అనుకోవాలి. బోదకాలు వాపులో గింజలు రావు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. పైకి ఒకేలా కనిపించే ఈ జబ్బు నిజానికి రెండు జబ్బులు. ఒకటి ఫంగస్ వల్ల, ఇంకోటి బ్యాక్టీరియా వల్ల. మందులు పూర్తిగా వేరు. బ్యాక్టీరియాది అయితే కోట్రైమాక్సజోల్ మాత్రలు, అవసరమైతే అమికాసిన్ ఇంజెక్షన్లు, వీటితో చాలామందికి కాలు నిలబడుతుంది. ఫంగస్‌ది మొండిది. ఇట్రాకొనజోల్ ఏడాదికి తక్కువ కాకుండా మింగాలి, చాలాసార్లు ఆపరేషన్ కూడా కావాలి. ఏదో తేల్చకుండా కాలు తీసేయాలి అన్నవాళ్ల మాట ఇప్పుడే వినొద్దు. ఎముక ఎంతవరకు తిన్నదో ఎక్స్‌రే, ఎంఆర్ఐ చూశాకే ఆ మాట.

మేం గింజలు ఎలా పట్టేవాళ్లమో చెప్తాను, నీ పరీక్షకు పనికొస్తుంది. రాత్రి పుండు శుభ్రం చేసి, దూది కాకుండా గాజుగుడ్డ వేసి కట్టు కట్టించేవాళ్లం. దూది అయితే పోగుల్లో చిక్కి గింజ దొరకదు. పొద్దున కట్టు విప్పితే గుడ్డకు గింజలు అంటుకుని ఉంటాయి. సెలైన్‌లో కడిగి, రెండు గాజుపలకల మధ్య నలిపి చూస్తాం. లావు పోగులు కనిపిస్తే ఫంగస్, సన్నని నూలుపోగుల్లాంటివి కనిపిస్తే బ్యాక్టీరియా. కంటితో కూడా కొంత తెలుస్తుంది. నల్ల గింజ అయితే దాదాపు ఫంగసే. ఎర్రది బ్యాక్టీరియాది. తెల్లవి, రవ్వలాంటి పసుపువి మాత్రం రెండింటిలో ఏదైనా కావచ్చు, మైక్రోస్కోపు చూడక తప్పదు. కల్చర్, అంటే ల్యాబులో క్రిమిని పెంచి చూడడం, రావడానికి వారాలు పడుతుంది, తొందరపెట్టొద్దు. గింజలు దొరక్కపోతే లోపలి నుంచి ముక్క తీస్తారు, భయపడొద్దు.

ఇక ఇంకెవరికైనా ఉందా అన్నావు. 1876 నుంచి 2019 వరకు వైద్య పత్రికల్లో వచ్చిన కేసులన్నీ పరిశోధకులు కూడితే 19,494 తేలాయి, 102 దేశాల నుంచి. మెక్సికో, సూడాన్, మన దేశం ముందున్నాయి. నూట నలభై ఏళ్లకు ఇంతేనా అనిపిస్తుంది. కానీ సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో ఈ జబ్బు కోసమే పెట్టిన ఒక్క కేంద్రంలోనే పదివేలకు పైగా రోగుల పేర్లు నమోదయ్యాయి. అక్కడ రాసేవాళ్లు ఉన్నారు కాబట్టి అంకె ఉంది. మా ఆస్పత్రి రిజిస్టర్లో జబ్బు పేరు రాసే గడిలో ఇలాంటి పాదాలకు సగం సార్లు "మానని పుండు" అని రాసి ఉండేది. ఆ పేజీలు కొన్ని నా చేత్తో రాసినవే. ఆ మనుషులెవరూ ఆ 19,494లో లేరు. నాకు ఇప్పటికీ అదే బాధ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది 2016లో. గిల్ రాసిన 174 ఏళ్లకు! మన ఊళ్లలో కుష్ఠు మచ్చల కోసం ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరుగుతారు కదా, అదే గడపలో పాదం కూడా ఒకసారి చూస్తే ఎన్ని కాళ్లు ముందే దొరుకుతాయో. నేను రిటైరయ్యేలోపు రెండు మీటింగుల్లో చెప్పాను ఈ మాట. ఇక్కడ కూడా చెప్తున్నాను.

నైలు ఒడ్డు నుంచి

సరోజమ్మగారూ, ఆ ఖార్టూమ్ కేంద్రం నేను చూశాను. మాది తణుకు. అక్కడ ఒక కంపెనీలో తొమ్మిదేళ్లు అకౌంట్స్ చూశాను. 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలయ్యాక ఆపరేషన్ కావేరిలో పోర్ట్ సూడాన్ నుంచి ఓడలో బయటపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను.

మా వాచ్‌మన్ తమ్ముడికి 22 ఏళ్లు. ఊరు గెజీరాలో, రెండు నైలు నదుల మధ్య. ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. మట్టి ఇల్లు, పక్కనే మేకల దొడ్డి, దొడ్డి చుట్టూ తుమ్మకంప కంచె. ఫొటో తీసి మా అమ్మకు పంపిస్తే మన ఊరేనా అని అడిగింది. పిల్లలందరూ వట్టికాళ్లతోనే. ఆ అబ్బాయికి ఎడమ పాదం కొండమీది మంద గారు రాసినట్టే ఉండేది. పెళ్లి సంబంధం తప్పిపోయింది, పొలం పని పోయింది. అక్కడ ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది ఆ వయసు కుర్రాళ్లకే.

సోబా ఆస్పత్రిలోని ఆ కేంద్రాన్ని ప్రొఫెసర్ అహ్మద్ ఫహల్ 1991లో మొదలుపెట్టారు. మేం వెళ్లిన రోజు వరండా నిండా పాదాలే. ఎవరూ కాలు దాచుకోవడం లేదు. అది నన్ను కదిలించింది, ఎందుకంటే ఆ అబ్బాయి బస్సులో అంత దూరమూ తువ్వాలు కప్పుకునే వచ్చాడు. వారానికి ఒక్కసారి మింగే ఫాస్‌రావుకొనజోల్ అనే మందును రోజూ మింగే ఇట్రాకొనజోల్‌తో పోల్చి చూసిన పరీక్ష 2017లో మొదలైంది కూడా అక్కడే. ఫంగస్ మైసెటోమా మీద అలాంటి పరీక్ష ప్రపంచంలో అదే మొదటిది.

యుద్ధంలో ఆ కేంద్రం ధ్వంసమైంది. ఏళ్ల తరబడి దాచిన నమూనాలు, రికార్డులు పోయాయి. వాచ్‌మన్ ఫోను 2023 జూన్ నుంచి కలవడం లేదు. తమ్ముడి మాత్రలు అప్పటికి ఏడో నెలలో ఉన్నాయి. ఇంకా అయిదు నెలలు మింగాలి.

కొండమీది మంద గారూ, మీ నాన్నగారికి ఆ వరండా సంగతి చెప్పండి.

కొండమీది మంద

సరోజమ్మా, నువ్వు చెప్పినట్టే గాజుగుడ్డ కట్టినాం. పొద్దున్న విప్పితే మూడు గింజలు. ఆవగింజలో సగం కూడా ఉండవు, నల్లగా. నాయన వాటిని వేలి మీద పెట్టుకుని చానాసేపు చూసినాడు. "ఏడేళ్లు దీన్నేనా నేను మోసింది" అన్నాడు. ల్యాబులో కూడా ఫంగస్ అనే వచ్చింది. ఎక్స్‌రేలో మడమ ఎముక ఒక పక్కనే తిన్నదంట. ముందు ఆర్నెల్లు మందు, తర్వాత గడ్డ తీస్తాం, కాలు ఉంటుంది అన్నారు.

అన్నా, మీరు రాసింది నాయనకు చదివి వినిపించినా. ఆ పిల్లోని మాత్రలు ఏమైనాయో కనుక్కోరా అని రెండుసార్లు అడిగినాడు.

ల్యాబు సరోజ

మందు వల్ల గడ్డ చుట్టూ పొర గట్టిపడుతుంది, అప్పుడు ఆపరేషన్లో శుభ్రంగా తీయడానికి వీలవుతుంది. ఆర్నెల్లు ఆగమన్నది అందుకే. నేను చెప్పిన ఏడాదిలో మిగతా మందు ఆపరేషన్ తర్వాత. మధ్యలో తగ్గినట్టు కనిపిస్తుంది, అప్పుడు మాత్రం మానొద్దు.

ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ అయితే కడుపు నిండా తిన్నాకే మింగాలి. గ్యాసు మాత్ర వేసుకుంటే ఈ మందు ఒంటికి సరిగా పట్టదు, ఆ అలవాటు ఉంటే డాక్టరుకు చెప్పండి. గుండెకు, బీపీకి, కొవ్వుకు ఏ మాత్రలు వాడుతున్నా అన్నీ పట్టుకెళ్లి చూపించండి. లివర్ పరీక్ష వాళ్లు చెప్పిన తేదీకి తప్పక చేయించు, ఆ కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టు. టైరు చెప్పు బదులు పాదం మొత్తం మూసే మెత్తని చెప్పు కుట్టించు, రెండో కాలికి కూడా.

ఇంకోటి. కేసుషీటులో జబ్బు పేరు ఏం రాశారో చదువు. మైసెటోమా అని లేకపోతే అడిగి రాయించు, ఊరి పేరు, మండలం పేరు కూడా.