పగిలిన డ్యాష్‌బోర్డుకు ఫ్లాకింగ్ (జిగురు మీద నూగు పట్టించడం) చేస్తే నిలుస్తుందా?

మాది పర్లాకిమిడి. నాన్నగారి 1998 నాటి కారు డ్యాష్‌బోర్డు ఎండకు ఎండి ఎండి, ముందు అద్దం దగ్గర జానెడు పొడవున పగిలింది. అంచులు పైకి లేచాయి. వేలు పెడితే లోపలి పసుపు ఫోమ్ పొడిపొడిగా రాలుతోంది. కొత్తది వేయించడానికి మనసొప్పడం లేదు, అది ఆయన రోజూ తుడుచుకున్న డ్యాష్‌బోర్డు.

పగులును కాస్త వెడల్పు చేసి, సాగే గుణమున్న ఫిల్లర్ నింపి, ఉప్పుకాగితంతో రుద్ది, జిగురు పూసి, పైన వెల్వెట్‌లా ఉండే నైలాన్ నూగు పట్టించాలనుకుంటున్నాను. కరెంటు చార్జితో చల్లితే నూగు నిటారుగా నిలుస్తుంది కదా, ఉత్త జల్లెడతో చల్లితే అణిగిపోతుందా? మే నెల ఎండకు ఏ జిగురు తట్టుకుంటుంది? గట్టి ఎపాక్సీ వేస్తే మళ్లీ అక్కడే పగులుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

బరంపురం, శ్రీకాకుళం వైపు ఈ పని తెలిసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.