హారర్ సినిమాల్లో చీకటి సీన్లు టీవీలో అసలు కనిపించట్లేదు, ఏం చేయాలి?

హారర్, థ్రిల్లర్ సినిమాలకు రివ్యూలు రాస్తుంటాను. ఓటీటీలో హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడాను మామూలు కన్నా ఎక్కువగా చూపే వీడియో పద్ధతి) గుర్తు ఉన్న సినిమా పెడితే చాలు, రాత్రి సీన్లు నల్ల ముద్దలా వస్తున్నాయి. మొన్న ఒక సినిమాలో బీరువా వెనక నుంచి చెయ్యి బయటికొచ్చే షాట్ ఉంది. లాప్‌టాప్‌లో వేళ్లు, గోళ్లతో సహా స్పష్టంగా కనిపించాయి. టీవీలో మాత్రం సౌండ్‌కి ఉలిక్కిపడటమే తప్ప ఏం జరిగిందో తెలియలేదు. ఛాయాగ్రహణం బాలేదని రాయాలా, టీవీని తిట్టుకోవాలా?

టీవీ 43 అంగుళాల 4కే ఎల్‌ఈడీ, లోకల్ డిమ్మింగ్ (తెరలో చీకటి భాగాల వెనక లైటు మాత్రమే తగ్గించే ఏర్పాటు) లేదు. సినిమాలు అందులోని యాప్‌లోనే చూస్తాను. పిక్చర్ మోడ్‌ని వివిడ్ నుంచి సినిమాకి మార్చాను. పవర్ సేవింగ్, లైట్ సెన్సర్ ఆపేశాను. బ్యాక్‌లైట్ ఇప్పటికే 100లో ఉంది. బ్రైట్‌నెస్ పెంచితే నలుపు కాస్తా బూడిద రంగైపోతోంది, భయం సంగతి దేవుడెరుగు. గదిలో లైట్లన్నీ ఆర్పినా అంతే. హెచ్‌డీఆర్ లేని పాత సినిమాలు మాత్రం చక్కగా వస్తున్నాయి.

2019లో గేమ్ ఆఫ్ థ్రోన్స్ యుద్ధం ఎపిసోడ్ చీకటిగా ఉందని జనం గోల పెడితే, దాని ఛాయాగ్రాహకుడు మీ టీవీ సెట్టింగులే సరిగ్గా లేవన్నాడు. ఆ సరైన సెట్టింగ్ ఏదో నాకైతే దొరకలేదు. యాప్‌లో హెచ్‌డీఆర్ ఆపే ఆప్షన్ కూడా కనిపించలేదు.

ఇలాంటి టీవీలో హెచ్‌డీఆర్ ఆపేసి మామూలు ఎస్‌డీఆర్‌లో చూసే దారి ఏమైనా ఉందా, లేక దానికోసం బయట స్ట్రీమింగ్ స్టిక్ కొనాల్సిందేనా?