లెమూర్ల దినచర్య కాలాన్ని బట్టి ఎందుకు మారుతుంది?

ప్రశ్న (చంద్రగిరి నుంచి):
పెద్దలకు నమస్కారం. మొన్న తలకోన అడవి అంచున, టార్చికి ఎర్ర కాగితం చుట్టి కొమ్మల మీదికి వేసినప్పుడు రెండు కళ్లు నిప్పుకణాల్లా మెరిశాయి. దేవాంగపిల్లి! కాసేపు కదలకుండా ఉండి, మెల్లగా చేయి చాచి పురుగును గుప్పిట పట్టి నోట్లో పెట్టుకుంది. ఇది ఏ కాలంలోనైనా రాత్రి జీవే. దీనికి దూరపు చుట్టాలైన మడగాస్కర్ దీవి లెమూర్లలో (కోతుల్లాంటి జంతువులు) కొన్ని మాత్రం వానాకాలంలో పగలు, ఎండాకాలంలో రాత్రి తిరుగుతాయని చదివాను. పగటి ఎండకు తాళలేకనేనా?

జవాబు (తిరుపతి, జువాలజీ అధ్యాపకుడు):
అక్కడి పొడికాలం మన వేసవి కాదండీ. సుమారు మే నుంచి అక్టోబరు దాకా వానలుండవు, కానీ జూన్, జూలై నెలల్లో రాత్రులు చల్లగా ఉంటాయి. కాబట్టి ఎండ ఒక్కటే కారణమంటే కుదరదు. చలిరాత్రి కదులుతూ ఉంటే ఒంట్లో వేడి నిలుస్తుందన్న వాదన కూడా ఉంది. ఇలా పగలూ రాత్రీ తిరిగే అలవాటుకు శాస్త్రవేత్త ఇయాన్ టాటర్సాల్ 1987లో 'కెథీమెరల్' అనే పేరు పెట్టారు. వాయవ్య ప్రాంతపు ముంగిస లెమూరు పొడికాలంలో దాదాపుగా రాత్రికే మారిపోతుంది. పశ్చిమాన కిరిండి అడవిలోని ఎర్రనుదుటి లెమూరు పగటి సంచారం మానదు గానీ రాత్రి వాటా పెంచుకుంటుంది. ఆ కాలంలో చెట్లు ఆకులు రాల్చి బోడిగా నిలబడతాయి కనుక పగలు గద్దల కంట పడడం తేలిక. పండ్లు తగ్గి, పీచు ఎక్కువున్న మేత మీద ఆధారపడవలసి వచ్చినప్పుడు, ఆకులు అరిగించుకునే ప్రత్యేకమైన కడుపు లేని ఈ జీవులు పగలూ రాత్రీ కొంచెం కొంచెంగా తినక తప్పదు. నాకు ఈ మేత కారణమే బలంగా తోస్తుంది, ఎందుకంటే లెమూర్లను వేటాడే ఫోసా అనే మాంసాహార జంతువు పగలూ రాత్రీ తిరుగుతుంది. రాత్రి బయటికొచ్చినంత మాత్రాన ప్రాణభయం తీరదు.

జవాబు (చిత్తూరు నుంచి):
వెన్నెలను మరవకూడదు. మీరు చూసిన కళ్ల మెరుపు, రెటీనా వెనుక వెలుతురును తిప్పికొట్టే పొర వల్ల వచ్చింది. ముంగిస, ఎర్రనుదుటి లెమూర్లకు ఆ పొర లేదు. అందుకే ఎర్రనుదుటివి అమావాస్య చీకటిలో తగ్గి, వెన్నెల రాత్రుల్లో ఎక్కువగా తిరుగుతాయి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. పొడికాలాన్ని మన వేసవిగా పొరబడ్డాను. నా పుస్తకంలో ఇంతవరకు గంట, చెట్టు మాత్రమే రాసుకున్నాను. ఇకమీదట దేవాంగపిల్లి కనిపించిన ప్రతిసారీ తిథి కూడా రాస్తాను.